ఉన్నదాన్ని ఉన్నట్టు

"మా ఆవిడదేముందండీ, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే కదా!"

ముందుగదిలోంచి ఆ మాట వినపడేసరికి ఆమె సింకు మీద వంగి, జాలీలో ఇరుక్కున్న ఎంగిలి మెతుకులు వేలితో ఏరుతోంది. ఇంటర్వ్యూకి వచ్చినాయన మర్యాదకి అడిగాడు, "మేడమ్ గారు కూడా ఇదే ప్రాజెక్టులో ఉన్నారట కదా" అని. భర్త కూడా మర్యాదకే జవాబు చెప్పాడు. వెటకారం లేదు, చులకన చేయాలన్న ఉద్దేశమూ లేదు. బయట ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ వెంటనే వచ్చినాయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఇంత గొప్ప ఆలోచన మీకు అసలు ఎలా తట్టిందండీ?"

ఆమె కుళాయి కట్టేసింది. తడి చేతులు గాల్లోనే ఉన్నాయి.

"ఏం చెప్పమంటారు, స్నానం చేస్తుంటే తట్టింది" అన్నాడు అతను. ఇద్దరూ నవ్వుకున్నారు.

పోనీలే, బయటివాళ్ళకి చెప్పుకునే సంగతి కాదు కదా అనుకుని ఆమె కుళాయి తిప్పింది. ఆదివారం జరిగే పెద్ద సభలో చెప్తాడేమో. అందరి ముందూ చెప్పి తనని ఆశ్చర్యపరుద్దామని దాచుకున్నాడేమో. ఈ 'ఏమో'లతోనే కొన్నేళ్ళుగా కడుపు నింపుకుంటోంది.

ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం అన్న మాటకి మాత్రం ఆమెకి కోపం రాలేదు. కోపం రావాలంటే అందులో అబద్ధం ఉండాలి. ఆమె చేసేది అదే. పాలు పొంగకుండా, కుళాయి కారకుండా, అత్తగారి బీపీ మాత్రలు అయిపోకుండా, హాస్టల్లో ఉన్న కూతురికి జ్వరమొస్తే ఆ కబురు ఇంట్లో ఇంకొకరి చెవిన పడేలోపే తగ్గిపోయేలా చూడటం. జరిగినవాటికి ఫొటోలుంటాయి, జరగకుండా ఆగిపోయినవాటికి ఏముంటుంది? ఆఫీసులోనూ ఇదే తంతు. పగలంతా ఒక కంపెనీ సర్వర్లకి కాపలా కాయడం ఆమె ఉద్యోగం. ఏడాది చివర మేనేజరు ఎదురుగా కూర్చోబెట్టుకుని బుర్ర గోక్కున్నాడు. "మీ దగ్గర ఏడాది పొడుగునా ఏమీ జరగలేదు కదండీ, మరి ఏం చేశారని రాయమంటారు?" అన్నాడు. ఏమీ జరగకపోవడమే నేను చేసిన పని బాబూ అందామనుకుంది. గొప్పలు పోతున్నట్టు ఉంటుందని ఊరుకుంది. ఆ ఏడాది ప్రమోషను, తను పెట్టిన సర్వరుని తనే కూలదోసి, అందరూ చూస్తుండగా చెమటలు కక్కుతూ మళ్ళీ లేపినవాడికి వెళ్ళింది. ఆమె కూడా లేచి చప్పట్లు కొట్టింది.

ఇంటర్వ్యూ పిచ్చుక గురించి. పిచ్చుక అంటే కంప్యూటరుకి ప్రాణం పోసే సాఫ్ట్‌వేరు, ఆపరేటింగ్ సిస్టమ్. పెళ్ళైన కొత్తలో మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి మొదలుపెట్టారు. లోకం మూలన పడేసిన పాత కంప్యూటర్ల మీద కూడా తేలిగ్గా వాలిపోతుందని ఆ పేరు పెట్టారు. దానికి పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. ఈ 'ఎవరైనా' అన్న మాటతో ఆమెకి పుట్టింటి నుంచే పరిచయం. "ఎవరైనా కాస్త పొయ్యి మీద చూడండర్రా" అని ఇంట్లో కేక వినపడితే, ఆ ఎవరైనా ఎవరో కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళందరికీ తెలుసు. పిచ్చుకలోనూ తెలుసు. ఎక్కడెక్కడి నుంచో ఖాళీ దొరికినప్పుడల్లా ఇందులో పనిచేసే జనం, ఏ ఆసుపత్రిలోనో ఏ బడిలోనో ఏదైనా చెడిందనగానే "అక్క చూస్తుందిలే" అనేవారు. ఇప్పుడు నడుస్తున్న పిచ్చుకకి పాతిల్లు అని పేరు. ఆమెకి పాతింటక్క అని పేరు. ముద్దుగానే పిలిచేవారు.

కొత్తిల్లు భర్తది. పాతింటి కట్టుబడి ఉమ్మడి కాపురం లాంటిది. అందరూ ఒకే హాల్లో ఉంటారు, ఒకడికి జలుబు చేస్తే ఇల్లంతా తుమ్ముతుంది. ప్రింటరు మొరాయిస్తే కంప్యూటరు మొత్తం చతికిలబడుతుంది. కొత్తింట్లో అలా కాదు. ఎవరి గది వారిది, ఎవరి తలుపు వారిది. ఒకరి గదిలోకి ఒకరు చొరబడేది లేదు. ఏం కావాలన్నా కబురు పంపాలి, తలుపు దగ్గర కాపలా చూసి లోపలికి వదలాలి. జలుబు చేసినవాడు వాడి గదిలో వాడే తుమ్ముకుంటాడు. ముచ్చటైన ఆలోచన. దాన్ని కట్టడానికి ఒక సంస్థ ముందుకొచ్చి అతనికి జీతం ఇస్తోంది. మేస్త్రి అన్న బిరుదు కూడా వచ్చింది. పాతింటికి మాట్లు వేసేవాళ్ళకి జీతం ఎవరిస్తారు? మొదట్లో ఈ ఆర్భాటం చూసి సభ్యుల్లో ఒకాయన "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు స్వామీ" అన్నాడు గానీ, నెల తిరిగేసరికి తనూ ఒక గోడ పట్టుకుని కట్టడం మొదలుపెట్టాడు.

ఆమెకి కొత్తింటి మీద పగేమీ లేదు. మాట్లు వేసుకుంటూ పోతే చివరికి మాట్లే మిగులుతాయి, గుడ్డ మిగలదు. ఆ సంగతి సూది పట్టినదానికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అలాగని కొత్తిల్లు లేచేదాకా పాతింట్లోవాళ్ళని వానలో నిలబెట్టలేరు. రెండూ ఒక్కసారే నడవాలి. దీన్ని మీటింగుల్లో సమతూకం అనేవారు. కాటాలో రెండు పళ్ళేలూ సమంగా ఉన్నాయా లేదా అని అందరూ మెడలు చాచి చూసేవారు. ఆ కాటా ఎత్తి పట్టుకున్న చెయ్యి ఎవరిదో, అది ఎంత లాగుతోందో అడిగినవాళ్ళు లేరు.

పిచ్చుకలో ఒక ఆచారం ఉంది. ఏ కొత్త వెర్షనైనా బయటికి పోయే ముందు, ఇక చేర్పులూ మార్పులూ ఆపేసి పాతింటక్క చేతికి అప్పగిస్తారు. ఆమె దాన్ని తన దగ్గరున్న పాత మిషన్లన్నింటి మీదా పెట్టి, ఏడిపించి, పడగొట్టి, మళ్ళీ లేపి చూస్తుంది. బాగుందనుకుంటే మీటింగులో అందరి ముందూ "ఎగరొచ్చు" అంటుంది. ఆ ఒక్క మాట ఆమె నోట రానిదే పిచ్చుక గూడు దాటదు. ఒకప్పుడు సరదాకి మొదలైంది, తర్వాత అదే కట్టుబాటయింది. ఈసారి ఆమె చేతికి వచ్చింది కొత్తిల్లే. శనివారం మీటింగులో ఆమె ఆ మాట అంటే, ఆదివారం పెద్ద సభలో అతను కొత్తింటిని లోకానికి చూపిస్తాడు.

వెనక వరండాలో బీరువా పక్కన చెక్క అరల్లో ఆ పాత మిషన్లు వరసగా ఉంటాయి. ఒకదానికి మూత లేదు, ఒకదానికి సగం బొత్తాలు లేవు. ఆఫీసు నుంచి వచ్చి, వాషింగ్ మెషీన్లో బట్టలు వేసి, అది తిరుగుతుండగా ఆమె వాటి ముందు కూర్చుంటుంది. కొత్తిల్లు బాగానే ఉంది, ఒక్కటి తప్ప. కాసేపు వాడకపోతే కంప్యూటరు నిద్రలోకి జారుకుంటుంది కదా, అలా పడుకున్నది ఒక్కోసారి మళ్ళీ లేవడం లేదు.

"ఏమండీ, నిద్రపుచ్చితే మిషను లేవట్లేదు. ఎప్పుడూ కాదు, ఎప్పుడో ఓసారి" అని చెప్పింది.

అతను సభకి వేసుకునే చొక్కా అద్దం ముందు సరిచూసుకుంటున్నాడు. "ఎప్పుడో ఓసారేగా! నువ్వు చూసెయ్."

నువ్వు చూసెయ్. ఆమె కాపురాన్ని రెండు ముక్కల్లో చెప్పమంటే ఈ రెండు ముక్కలూ చాలు.

చూసింది. వెతికి వెతికి ముడి ఉన్న చోటు పట్టుకుంది. నిద్ర లేచేటప్పుడు తలుపు దగ్గరి కాపలా, "కబురు వస్తేగాని తలుపు తియ్యను" అంటోంది. కబురేమో, "తలుపు తీస్తేగాని నేను కదలను" అంటోంది. కబురు ముందు లేచిన రోజున ఏ గొడవా లేదు. కాపలా ముందు లేచిన రోజున మాత్రం, ఎదురుబొదురుగా నిలబడి ముందు మీరంటే ముందు మీరనుకునే ఇద్దరు పెద్దమనుషుల్లా అవి రెండూ అలాగే ఉండిపోతున్నాయి. మిషను చూస్తే బతికే ఉంటుంది, లేవదు. వాషింగ్ మెషీను ఆగిపోయి కూతపెట్టినా ఆమె కుర్చీలోంచి కదల్లేదు. ఎందుకంటే ఈ ముడి ఆమెకి తెలుసు. ఈ ముడి వేసింది ఆమే.

అప్పట్లో వాళ్ళది అద్దెగది. ఒక కిటికీ, ఒక స్టూలు, ఒక తెల్లటి గోడ. బయటికి వెళ్ళలేని ఒక వాన రోజున ఆమెకి ఉన్నట్టుండి తట్టింది, అందరినీ ఒకే హాల్లో ఎందుకు కుక్కాలి అని. కాగితం వెతికేలోపు ఆలోచన జారిపోతుందేమోనని, చేతికందిన కాటుక పెన్సిలుతో గోడ మీదే గీసేసింది. గదులు, తలుపులు, కాపలా, కబురు. అందని చోటికి స్టూలెక్కింది. అతను స్టూలు కాళ్ళు రెండు చేతులా పట్టుకుని, తల పైకెత్తి చూస్తూ, "పడతావే తల్లీ" అని నవ్వుతూ నిలబడ్డాడు. గీయడం అయ్యాక గోడంతా ఒకసారి తేరిపార చూశాడు. తర్వాత, "ఎప్పటికైనా దీన్ని మనం కట్టాలి" అన్నాడు. ఆమె బుగ్గకి అంటిన కాటుకని బొటనవేలితో తుడవబోయి మరింత పులిమాడు. ఆ తర్వాతి రోజుల్లో, గోడ కింది మూలన కాస్త జాగా మిగిలితే, పెన్సిలు చేతిలోనే ఉంది కదా అని ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె అని సరుకులు కూడా రాసుకునేది. సంతోషం అంటే ఏమిటమ్మా అని ఎవరైనా అడిగితే తీసి చూపించడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ వాన రోజే. అంతకు మించింది మళ్ళీ రాలేదు.

ఆమెకి నెలలు నిండుతుండగా అత్తగారు వచ్చారు. అత్తగారు వచ్చిన వారంలోనే, అంతదాకా అతన్ని నువ్వు అన్న నోరు మీరు అనడం నేర్చుకుంది. ముగ్గురికీ చాలదని పెద్ద ఇంటికి మారారు. మారేటప్పుడు ఇంటాయన గోల భరించలేక ఆ గోడకి రంగు వేయించారు. బిడ్డ పుట్టాక ఒక మధ్యాహ్నం పాప ఏడుస్తోంది. ఆలుమగలిద్దరూ మెలకువగానే ఉన్నారు. అతను లేస్తాడేమోనని ఆమె, ఆమె లేస్తుందేమోనని అతను కళ్ళు మూసుకుని పడుకున్నారు. అదిగో అప్పుడు తట్టింది ఆమెకి గోడ మీద గీసినదాంట్లో తప్పేమిటో. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చూస్తూ పడుకుంటే ఇల్లు లేవదు. ఎవరో ఒకరు అడక్కుండానే లేవాలి. ఆమె లేచింది. పాపని ఎత్తుకుని ఊపుతూ, అతనికి చెప్పాలని ఎంతగానో అనిపించింది. "చూడండి, మన గోడలో ఒక తప్పుంది" అని మొదలుపెడితే, అతను "ముందు ఇది కాస్త కుదుటపడనీ, కొత్తవి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ వారమే ఏదో ఆసుపత్రిలో పిచ్చుక పడిపోయింది. ఆమె దాన్ని లేపింది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. కూతురు కాలేజీ దాకా వచ్చేసింది గానీ ఆ 'ఇది' మాత్రం కుదుటపడనే లేదు.

అందుకే అతను కొత్తిల్లు కడతానన్నప్పుడు ఆమె గుండె నిండిపోయింది. ఇన్నేళ్ళకైనా మాట నిలబెట్టుకుంటున్నాడనుకుంది. "గుర్తుందా, ఆ గోడ?" అని ఎప్పుడో ఒకరోజు తనే అడుగుతాడని ఎదురుచూసింది. ఒక్కోసారి సందేహం వచ్చేది, అతని ఆలోచన అతనికే విడిగా వచ్చిందేమో, ఇద్దరికీ ఒకే ఆలోచన రాకూడదని ఎక్కడుంది అని. ఇప్పుడు ఆ సందేహమూ తీరింది. మంచి ఆలోచన ఇద్దరికి వస్తే రావచ్చు. తప్పు కూడా అదే మూలలో, అదే తలుపు దగ్గర వస్తుందా?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగింది. అత్తగారు కూడా అక్కడే ఉన్నారు.

"తప్పు దొరికింది."

"దొరికిందా! నాకు తెలుసు నువ్వు పట్టేస్తావని. బాగుచేసేశావా?"

"ఇంకా లేదు. మీకు మన అద్దెగది గోడ గుర్తుందా?"

"ఏ గోడ?"

"కాటుక పెన్సిలుతో గీశానే. వాన పడుతోంది ఆ రోజు. మీరు స్టూలు పట్టుకున్నారు."

అతను నిజంగానే ఆలోచించాడు. ముద్ద చేతిలో పట్టుకుని, కళ్ళు పైకెత్తి, కష్టపడి వెతికాడు. ఆమె ఆ ముఖంలోకే చూస్తూ కూర్చుంది. చివరికి ఆ ముఖం వెలిగింది.

"ఆఁ, గుర్తొచ్చింది! సరుకులు రాసుకునేదానివి కదూ! ఇంటాయన ఎంత రభస చేశాడు! అమ్మా, నీకు గుర్తుందా?"

అత్తగారు పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"సరుకులు కాక దాని మీద ఇంకేమీ లేదా?" అంది ఆమె.

"ఇంకేముంటుంది? ఉప్పూ సబ్బూ" అని నవ్వి, "కాస్త చారు పొయ్యి" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ తప్పు సంగతి శనివారం లోపు చూసెయ్, సరేనా?" అన్నాడు.

దొంగ అయినా బాగుండేది. దొంగకి ఎవరి ఇంట్లో ఎత్తుకొచ్చాడో తెలిసి ఉంటుంది, ఎదురుపడితే తల దించుకుంటాడు. ఇతను ఆ గోడని ఉన్నదున్నట్టు, చివరికి దానిలోని తప్పుతో సహా, పొల్లు పోకుండా దాచుకున్నాడు. స్టూలు మీదున్న మనిషిని మాత్రం దింపి, కింది మూలన ఉప్పూ సబ్బుల దగ్గర కూర్చోబెట్టాడు. అదీ కావాలని చేయలేదు. అందుకే ఆమెకి ఏ మూల పట్టుకుని ఏడవాలో తెలియలేదు. ఆలోచన పోయినందుకు కాదు, ఆలోచనలు మళ్ళీ వస్తాయి. 'మనం కట్టాలి' అన్న ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు గిన్నెలూ తోమింది, పిచ్చుకనీ తోమింది. ఆ మాట అన్నవాడి దగ్గర అసలు ఆ రోజే లేదు. అంటే ఆ వాన రోజున ఆ గదిలో ఆమె ఒక్కతే ఉందన్నమాట.

మర్నాడు ఆరిన బట్టలు మడతపెడుతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఒక దుప్పటి కొసలు ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు.

"అమ్మాయ్, అవి సరుకులు కావు కదూ" అన్నారు.

ఆమె తలెత్తి చూసింది.

"రంగు వేసేముందు ఆ గోడ తడిగుడ్డతో తుడిచింది నేనే. కాటుకాయె, ఓ పట్టాన పోతేనా! నువ్వు నిండు కడుపుతో గుమ్మంలో నిలబడి ఏడ్చావు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఊరికే ఏడుపొస్తుందిలే అని సరిపెట్టుకున్నా. కానీ ఉప్పూ సబ్బుల కోసం ఎవరేడుస్తారే?" అన్నారు అత్తగారు. ఆమె వైపు తిరిగి, "వాడికి నే చెప్పనా?" అన్నారు.

"వద్దత్తయ్యా. మీరు చెప్తే నమ్ముతారు. గుర్తు మాత్రం రాదు."

అత్తగారు తలూపారు. దుప్పటి కొసలు కలిపి ఆమె చేతికిచ్చారు.

శనివారం మీటింగు. ముందుగదిలో తలుపేసుకుని, కొత్త చొక్కాలో అతను. వెనక వరండాలో పాత మిషన్ల మధ్య ఆమె. తెర మీద గళ్ళు గళ్ళుగా ముఖాలు. అతను మాట్లాడితే ముందు గోడలోంచి వినిపించి, ఆ తర్వాత చెవిలోని ఇయర్‌ఫోనులో వినిపిస్తోంది. అతను కొత్తింటి గురించి చెప్పడం పూర్తిచేశాడు. బాగా చెప్పాడు. చప్పట్ల బొమ్మలు తెర నిండా ఎగిరాయి. ఒక గడిలో, ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఆవిడ తెల్ల కోటుతోనే కూర్చుని ఉంది. "అక్కా, మేం సాయంత్రం మిషన్లు నిద్రపుచ్చి పోతాం. పొద్దున రాగానే లేవాలి మాకు, జనం లైన్లో ఉంటారు. మీరు ఎగరొచ్చంటేనే పెట్టుకుంటాం" అంది.

"అక్కా, ఇక ఆ మాట అనేస్తే టీ తాగుతాం" అన్నారు ఎవరో. నవ్వులు.

సరిచేసి పెట్టేయడం ఆమెకి ఒక్క పూట పని. సరిచేసి, నోరు మూసుకుని, ఎగరొచ్చు అనేస్తే రేపు సభ బ్రహ్మాండంగా జరుగుతుంది, ఎల్లుండి మళ్ళీ ఎక్కడో ఏదో కారుతుంది, ఆమె చూసేస్తుంది. తప్పు దాచి ఎగరొచ్చు అంటే పొద్దున్నే ఆ ల్యాబు ముందు జనం చేతులు ముడుచుకుని నిలబడతారు. ఈ రెండూ ఆమె వల్ల కాలేదు.

"ఎగరదు" అంది.

పిచ్చుక పుట్టినప్పటి నుంచి ఆ మాట ఎవరూ వినలేదు. పనికిరానిదాన్ని ఆమె మీటింగు దాకా ఎప్పుడూ రానివ్వలేదు. ముందే కూర్చుని బాగుచేసేసేది.

ఆమె కాపలా సంగతి, కబురు సంగతి చెప్పింది. "నిద్ర లేచేటప్పుడు ఒక తలుపు మాత్రం ఎవరి కబురు కోసమూ చూడకుండా తనంతట తనే తెరుచుకోవాలి. అది ఏ తలుపో రాసి అందరికీ పంపాను. ఎవరైనా చేయొచ్చు" అంది.

"ఇంత లోపలి తప్పు ఎలా పట్టుకున్నారక్కా?"

"నేను చేసిందే కాబట్టి. మా అమ్మాయి పుట్టకముందు, ఒక అద్దెగది గోడ మీద ఈ ఇల్లు నేనే గీశాను. ఈ తప్పుతో సహా."

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. తెర మీద అతను నవ్వబోయాడు. "అంటే, అప్పట్లో మేమిద్దరం బోలెడు మాట్లాడుకునేవాళ్ళం లెండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎటు చూడాలో తెలియక అందరూ ఎవరి కీబోర్డు వాళ్ళు చూసుకున్నారు.

"ఇంకో మాట" అంది ఆమె. "ఇవాళ్టితో పాతింటి కాపలా నేను మానేస్తున్నాను. పాతిల్లు పడిపోకూడదు, అందులో జనం ఉన్నారు. కాబట్టి వంతులేసుకోండి. కొత్తింట్లో ఒక గోడ కట్టాలనుకున్నవాళ్ళు ముందు పాతింట్లో ఒక వంతు చెయ్యాలి. కారేది ఎక్కడో తెలియనివాళ్ళు కప్పు ఎలా వేస్తారు? మేస్త్రి గారితోనే మొదలుపెట్టండి."

"మరి ఈ నెల ఎవరు చూస్తారక్కా?" అన్నారొకరు. ఒక్కొక్కటే మైకులన్నీ మూతపడ్డాయి. ల్యాబ్ ఆవిడ ఒక్కతే అడిగింది, "మరి మీరేం చేస్తారక్కా?" అని. ఇన్నేళ్ళలో ఆమెని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "చూడాలమ్మా" అని తెర ఆపేసింది.

అతను వరండాలోకి వచ్చాడు. కొత్త చొక్కా చేతులు మడుచుకుని ఉన్నాడు.

"ఇంట్లో చెప్తే సరిపోయేది కదా. అందరి ముందూ ఎందుకు?"

"ఇంట్లోనే చెప్పాను. భోజనాల దగ్గర."

"నాకు నిజంగా గుర్తులేదే."

"తెలుసు."

అతను బాధపడుతున్నాడు, అబద్ధమేమీ కాదు. ఆ బాధ చూస్తే ఆమెకే జాలేసింది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తనే అతని భుజం మీదకి పోబోయింది. అప్పుడతను, "పోనీ, నీ పేరు కూడా వేద్దాంలే. ముందు ఆ తలుపు కాస్త చూసెయ్, రేపు సభ ఉంది" అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను చూడను" అంది.

ఆదివారం అతను సభకి వెళ్ళాడు. చూపించడానికి ఏముందో, ఏం చెప్తాడో ఆమె అడగలేదు. ఇల్లు ఊడ్చలేదు. హాల్లో సోఫా ఒక పక్కకి జరిపింది, ఫొటోలు దింపింది. తెల్లటి గోడ ఖాళీగా నిలబడింది. కాటుక పెన్సిలు తెచ్చుకుంది. మొదటి గీత పడింది.

ఆ పాత గోడ మీది ఇల్లు కాదు ఇది. అప్పటి పిల్లకి తెలిసింది గదులు, తలుపులే. ఇన్నేళ్ళు పాతింటి మూలమూలా చేత్తో తడిమింది కాబట్టి ఏ గోడ బరువు మోస్తుందో, ఏది ఊరికే నిలబడిందో ఈమెకి తెలుసు. జనాన్ని ఎవరినీ బయటికి పొమ్మనకుండా, వాళ్ళు లోపల కాపురం చేస్తుండగానే, ఒక్కొక్క గదినే విప్పి కొత్తగా కట్టుకుంటూ పోయే దారి ఒకటుంది. పాతదీ కొత్తదీ వేరు వేరు ఇళ్ళు కానక్కర్లేదు. అది మాట్లు వేసినవాళ్ళకే కనిపించే దారి. గీస్తూ గీస్తూ స్టూలెక్కింది. స్టూలు కదలకపోయేసరికి కిందికి చూస్తే, అత్తగారు వచ్చి రెండు చేతులా స్టూలు కాళ్ళు పట్టుకుని ఉన్నారు. ఎవరూ పిలవలేదు.

"నా చేతులతో తుడిచానే దాన్ని" అన్నారు అత్తగారు, ఎటో చూస్తూ. "గీసుకో. పట్టుకుంటాలే."

తలుపు చప్పుడైంది. అతను వచ్చాడు. బ్యాగు దించి, జరిపిన సోఫానీ, నేల మీద ఫొటోలనీ చూసి, మెల్లగా స్టూలు దగ్గరికొచ్చి తల పైకెత్తి నిలబడ్డాడు. అచ్చం అప్పట్లాగే, అదే మెడ వంపుతో. ఆమెకి చెప్పేయాలనిపించింది. చూడండి, దారి దొరికింది, ఇది మనం కట్టొచ్చు అని. ఇన్నేళ్ళలో ఏది తోచినా ముందు అతనికే చెప్పింది.

"ఏంటది, గోడ మీద?" అన్నాడు అతను.

ఆమె వెనక్కి తిరగలేదు. కన్నీటి చుక్క గడ్డం కింద దాకా జారినా తుడుచుకోలేదు. గీస్తున్న గీతని చివరిదాకా పూర్తి చేసింది.

"సరుకులు" అంది.